అమ్మవారి చూపు

జగ్గయ్యపేట, 1981

ఏమండీ,

మీరు పోయి రేపటికి ఏడాది. ఈ సంగతి మీకు చెప్పకపోతే నాకు కుదురు ఉండదు.

భజన మందిరం గోడ మీద మీరు వేసిన లక్ష్మీనరసింహస్వామి బొమ్మ మొన్నటి వానకు తడిసి, అమ్మవారి ముఖం పెచ్చులూడిపోయింది. మందిరం పెద్ద వెంకయ్యగారు వచ్చి, "స్వామిని చూస్తే భయమేస్తందమ్మా. బెజవాడ నుంచి బోర్డులు రాసే అతన్ని పిలిపిస్తాం" అన్నారు.

స్వామి చూపు ఒళ్లో ఉన్న అమ్మవారి మీద ఉంటేనే ఉగ్రం శాంతిస్తుందని మీరు చెప్పేవారు. ఇప్పుడా చూపు ఉత్త గోడ మీద పడుతోంది. "నేనే వేస్తానండి" అనేశాను. ఇరవై ఏళ్లు మీకు రంగులు నూరానే గాని, ఒక్క ముఖమూ గీసి ఎరగను.

సుద్దలో చింతగింజల జిగురు కలిపి పూత వేశాను. పసుపు రంగులో చిటికెడు కావి కలిపాను. మీరు వేసిన అమ్మవారు భక్తుల వైపు చూసేది. రెండు రోజులు గీసి చెరిపినా నాకా చూపు రాలేదు. మూడో రోజు ఆమె కళ్లను స్వామి వైపే తిప్పాను.

వెంకయ్యగారు చాలాసేపు చూసి, "బావుందమ్మా. కింద పేరు రాయి" అన్నారు. వానకు చెరిగిన మీ పేరునే మళ్లీ రాసి వచ్చేశాను.

అప్పట్నుంచి అన్నం సయించడం లేదు. స్వామి మీరు వేసినవారే. అమ్మవారు మాత్రం నేను వేసిందండి. రేపు పొద్దున్నే కుంచె తీసుకెళ్లి, మీ పేరు కింద నా పేరు కూడా రాస్తాను.

మీ
సుభద్ర