ఏడో గోదాం జీనులు

నెబ్రాస్కా, 4 మార్చి 1991

గౌరవనీయులైన ప్రతినిధి క్రెబ్స్ గారికి,

ఫోర్ట్ టాలిస్ సైనిక స్థావరం గేటు ఎదురుగా హోటల్ నడుపుకుంటున్న మేబెల్ స్ట్రౌడ్ నమస్కరించి రాయునది. సైన్యంలో దుబారా కోసేస్తానని మీరు మైకులో గొంతు చించుకుంటే నమ్మి ఓటేశాను. మరి మా ఏడో గోదాం సంగతేంటండీ? అందులో రెండొందల కంచరగాడిదల జీనులున్నాయట. సైన్యంలో ఆఖరి కంచరగాడిద పోయి ముప్పై అయిదేళ్ళయింది. అయినా పన్నెండు మంది వంతులేసుకుని కాపలా! మా నాన్న చేయించిన తోలు స్టూళ్ళెక్కి కూర్చుని, పాన్‌కేకులు తింటూ వాళ్ళే చెప్పారు. ఇదేం చోద్యం? ఆ కాపలా ఎత్తేయించండి.

ఇట్లు,
పన్నులు కట్టే మేబెల్

తా.క.: నేను చెప్పానని ఎవరికీ చెప్పకండి. ఆ కాపలావాళ్ళలో సార్జెంట్ ఓటిస్ ఒక్కడే పూటకు తొమ్మిది పాన్‌కేకులు తింటాడు.

---

వాషింగ్టన్, 20 మార్చి

శ్రీమతి స్ట్రౌడ్ గారికి,

ప్రతినిధి గారి కార్యదర్శి వెండెల్ పైక్ నమస్కారాలు. రక్షణ ఖర్చుల కమిటీలో మీ ఉత్తరం మా సారు చదివి వినిపిస్తే సైన్యం తరఫున వచ్చిన జనరల్ గారు ఫైళ్ళు తిరగేయడం మొదలుపెట్టారు. కాపలా ఎత్తేస్తే కాపలావాళ్ళక్కర్లేదు, వాళ్ళు లేకపోతే వంటవాళ్ళక్కర్లేదు, ఎవరూ లేనప్పుడు గేటెందుకు అని సభ్యులు ఆలోచించి, మొత్తం స్థావరాన్నే మూసివేత జాబితాలో చేర్చారు. మీరు కోరినదానికి పదింతలు! అభినందనలు.

భవదీయుడు,
వెండెల్ పైక్

తా.క.: మీ పేరు ఎక్కడా రానివ్వలేదు. "గేటు ఎదురుగా ఉన్న ఏకైక హోటల్ యజమానురాలు" అని మాత్రమే అన్నాం.

---

25 మార్చి

వెండెల్ నాయనా,

నీ అభినందనలు తగలెయ్య! పుచ్చిన పన్ను పీకమంటే తల తీసేస్తారా? స్థావరం మూసేస్తే నా పాన్‌కేకులు ఎవరు తింటారు, జింకలా? ఈ హోటల్ తప్ప నాకు ఇంకో బతుకుతెరువు తెలీదు. నిజంగా భయంగా ఉంది. ఓటిస్ మూడు రోజులుగా వచ్చి, మంచినీళ్ళు మాత్రం తాగి, నా వంక చూసి వెళ్ళిపోతున్నాడు. ఆ జీనులు దేశానికి ప్రాణాధారమని ఇందుమూలంగా మనవి చేసుకుంటున్నాను. రేపు పెట్రోలు అయిపోతే? గాడిదలు ఎక్కడైనా దొరుకుతాయి, జీనులెక్కణ్ణుంచి తెస్తారు?

ఇట్లు,
కాళ్ళకింద నేల కదిలిపోతున్న మేబెల్

తా.క.: దుబారా తగ్గించాలన్న మాట మీదే ఉన్నాను. పక్క రాష్ట్రంలో మొదలుపెట్టండి.

---

9 ఏప్రిల్

మేబెల్ గారూ,

పక్క రాష్ట్రం ప్రతినిధీ అదే మాటన్నాడు, మన రాష్ట్రం పేరు చెప్పి. సభ్యులంతా ఎవరి స్థావరాన్ని వాళ్ళు తప్పించగా జాబితాలో మనదొక్కటే మిగిలింది. సొంత నియోజకవర్గంలోనే కోత పెట్టుకున్న త్యాగమూర్తి అని పేపర్లు ఆకాశానికెత్తేస్తుంటే, మా సారు వెనక్కి తగ్గలేక లోలోపల ఏడుస్తున్నారు. అయితే మీ పెట్రోలు మాటకు జనరల్ గారు కదిలిపోయారు. జీనులను కళ్ళారా చూసి తేల్చడానికి మంగళవారం కమిటీ వస్తోంది. అవి బాగుంటే మనం బతికిపోయినట్టే.

భవదీయుడు,
వెండెల్

తా.క.: మా సారుకు నడుంనొప్పి. కూర్చోవడానికి మెత్తటిదేదైనా చూడండి.

---

22 ఏప్రిల్

మేబెల్ గారూ,

గోదాం తలుపు తీశాక మీరూ చూశారుగా. ఒక్క జీనూ లేదు! ఇన్నేళ్ళూ తాళానికే కాపలా కాశారు. మూడు రోజులు కొట్టుకుని కమిటీ తీర్మానించిందేమంటే: రెండొందల జీనులు ఏమయ్యాయో దర్యాప్తులో తేలేదాకా స్థావరం మూయకూడదు. ఖాళీ గోదాం ఇప్పుడు సాక్ష్యం కాబట్టి కాపలా రెట్టింపు. ఇరవై నాలుగు మంది! దర్యాప్తుకు మరో అరవై మంది అధికారులు. వాళ్ళందరి భోజనం మీ దగ్గరే.

భవదీయుడు,
వెండెల్

తా.క.: మీ స్టూలు మీద గంటసేపు కూర్చున్న మహిమో ఏమో, మా సారు నడుంనొప్పి హుష్‌కాకి. ఒకటి అమ్ముతారా?

---

29 ఏప్రిల్

వెండెల్ నాయనా,

చల్లగా ఉండు. ఓటిస్ ఇవాళ పదకొండు తిన్నాడు. నాకు ఏడుపొచ్చింది. దర్యాప్తు మాత్రం హడావుడిగా చెయ్యొద్దు. పన్నులు కట్టేదాన్ని, నిదానంగా చెయ్యమని నేనే చెబుతున్నాను. సారుకు స్టూలు పార్సిల్లో పంపాను. డబ్బులొద్దు.

ఇట్లు,
నీ మేబెల్

తా.క.: పార్సిలు కడదామని స్టూలు తిరగేస్తే, తోలు అడుగున "ఫోర్ట్ టాలిస్, గోదాం 7" అని ముద్ర. పాత తోలు సామాను 1958లో సైన్యం వేలం వేస్తే చవగ్గా కొన్నానని నాన్న అనేవాడు. అమ్మినవాళ్ళు కాపలా ఎత్తెయ్యమని చెప్పడం మరిచిపోయినట్టున్నారు. మొన్న కమిటీ అంతా ఆ జీనుల మీదే కూర్చుని తిన్నారన్నమాట! మా స్టూళ్ళన్నిటికీ అడుగున గుడ్డ కుట్టేశాను. సారుదానికి కుట్టడం మరిచిపోయాను. దర్యాప్తు ఇక ముగిద్దామని ఆయనకు ఎప్పుడైనా అనిపిస్తే, ముందు తను కూర్చున్నది ఒకసారి తిరగేసి చూసుకోమను.