మా చాంది గుణం మంచిది కాదు

భద్రాచలం,
20 ఏప్రిల్ 1988

శ్రీ తుల్సీరాం గారికి,

విలువిద్య కోచ్ అంతోనయ్య నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం.

మొన్న హెడ్‌మాస్టరు గారితో కలిసి మీ రూప్లా తండాకు వచ్చాను. మీరు బొగ్గుబాయి డ్యూటీలో ఉన్నారని చెప్పారు. వచ్చిన పని ముందు మీకే చెప్పాలని అక్కడ ఎవరితోనూ అనలేదు. ఎండన పడి వచ్చానని తండా పెద్ద నాయక్ గారు చాప వేయించి, మంచినీళ్ళూ బెల్లం ముక్కా పెట్టించారు. బెల్లం చాలా బాగుంది.

విషయం ఏమిటంటే, స్కూలు పోటీల్లో మీ అమ్మాయి చాంది బాణం వేయగా చూశాను. జూన్ ఒకటి నుంచి మా శిబిరంలో ఉంచుకుని నేర్పించాలని ఉంది. చేయి బాగుంది. కానీ విలుకాళ్ళకు చేతికంటే మనసు ముఖ్యం. కండలు నేను పెంచగలను, మనసు మాత్రం ఇంటినుంచే రావాలి. అందుకే అడుగుతున్నాను. పిల్ల ఓపిక ఎలాంటిది? పిలిస్తే పలుకుతుందా? ఓడిపోతే ఏడుస్తుందా? రాత్రి నిద్ర పడుతుందా? దాచకుండా రాయండి. మీ సమ్మతి లేనిదే తీసుకోను. సత్తుపల్లి అమ్మాయి ఒకతె ఇదే చోటు కోసం కాచుకుని ఉంది.

ఇట్లు,
మీ అంతోనయ్య

తా.క.: నేనున్నంతసేపూ మీ అమ్మాయి నా ముఖం చూడలేదు. గోడమీది బల్లినే చూస్తూ కూర్చుంది. అది పురుగును పట్టేదాకా చూసింది. నాకు భలే నచ్చింది.

*

రూప్లా తండా,
28 ఏప్రిల్

అంతోనయ్య సారు గారికి,

తుల్సీరాం దండాలు. మీ ఉత్తరం చదివించుకున్నాను. నమ్మకం కుదరక మళ్ళీ చదివించుకున్నాను.

మా తండాలో ఒక పద్ధతి ఉంది సారు. పిల్ల ఉన్న ఇంటికి వచ్చి, నాయక్ ఎదుట బెల్లం నోట్లో వేసుకుని, ఆనక పిల్ల గుణం అడిగారంటే సంబంధం ఖాయం చేసుకున్నట్టే. మీకు తెలిసి తిన్నారో తెలియక తిన్నారో గానీ, నాయక్ రామ్‌సింగ్ మాత్రం "బెల్లం తిన్నోడు మాట తప్పొద్దు. జల్దీ రోజు చూసుకో" అంటున్నాడు. మేము కాదంటే నాయక్ పరువు పోతుంది. మీరే కాదంటే ఏ పేచీ లేదు. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. చదివి వద్దనుకోండి.

మా చాంది గుణం మంచిది కాదు. పిలిస్తే పలకదు. పాలు పొంగి, పొయ్యి ఆరి, పక్కింటి హేమ్లి వచ్చి కేకలు వేసినా తెలియలేదు. అద్దాల రవికె కుడుతూ కూర్చుంది. ఆ రవికెలో ఒక కుట్టు వంకర పోయిందని మొత్తం విప్పి మళ్ళీ కుట్టింది. అది పెళ్ళికూతురి రవికె. వాళ్ళు పెళ్ళయ్యాక వచ్చి తీసుకెళ్ళారు.

ఓడితే ఏడుస్తుందా అని అడిగారు. పరుగుపందెంలో అందరికంటే వెనక వచ్చింది. వాళ్ళమ్మ రూప్లి ఏడ్చింది. ఇది రెండు జొన్నరొట్టెలు తిని పడుకుంది. సిగ్గు లేదు.

ఇట్లు,
తుల్సీరాం

తా.క.: నిద్ర సంగతి కూడా అడిగారు. పెళ్ళివారు నిద్ర గురించి అడగడం ఇప్పుడే వింటున్నాను. గురక లేదు. లేదని రాయడానికి విచారిస్తున్నాను.

*

భద్రాచలం,
5 మే

తుల్సీరాం గారికి,

మీ ఉత్తరం నాకంటే ముందు మా ఆవిడ ఇన్నమ్మ చదివింది. అన్నం పెట్టకుండా పుట్టింటికి బయలుదేరింది. బస్టాండు దాకా పరుగెత్తి బతిమాలి తెచ్చుకున్నాను.

అయ్యా, ఇది పెళ్ళి కాదు. బాణాలు నేర్చుకోవడం. నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నారు. బెల్లం ఆకలికి తిన్నాను.

ఇక మీరు రాసిన లోపాలు చదివితే నా కడుపు నిండింది. పాలు పొంగినా తెలియని పిల్లకు పోటీలో జనం వేసే ఈలలు ఏం వినిపిస్తాయి? ఒక్క కుట్టుకోసం రవికె విప్పే పిల్లకు, చేసిందే మళ్ళీ చేయమని నేను చెప్పక్కర్లేదు. పోయిన బాణం గురించి ఏడ్చేవాళ్ళకు తర్వాతి బాణం కూడా పోతుంది. రొట్టె తిని పడుకునేవాళ్ళే నాకు కావాలి. ఇప్పటికే మా దగ్గర పదకొండు మంది అమ్మాయిలున్నారు. పన్నెండోది మీ చాందే కావాలి. వార్డెన్ విశ్రాంతమ్మ అందరినీ కన్నబిడ్డల్లా చూసుకుంటుంది.

ఇట్లు,
మీ అంతోనయ్య

తా.క.: ఇన్నమ్మ అడగమంటోంది: గురక లేకపోతే విచారం ఎందుకు?

*

రూప్లా తండా,
12 మే

సారు గారికి,

దండం పెట్టాలని లేదు, అయినా పెడుతున్నాను.

పదకొండు మందా! మా తండాలో మేకలున్నవాళ్ళు కూడా అంత ధీమాగా లెక్క చెప్పరు. మళ్ళీ పన్నెండోది కావాలట! ఇన్నమ్మ గారు పుట్టింటికి బయలుదేరిందని విని జాలి వేసింది. పదకొండు మందిని భరించిన ఇల్లాలు పన్నెండోదానికి బయలుదేరిందంటే తప్పు ఆమెది కాదు.

లోపాలు చెబితే సంతోషించే మనిషిని మిమ్మల్నే చూశాను. ఇంకొకటి వినండి. ఇప్పపూలు ఏరడానికి పోతే ఎలుగుబంటి వచ్చింది. అందరూ గంపలు పారేసి ఉరికారు. ఇది కదలకుండా నిలబడింది. ఎలుగు చూసీ చూసీ విసుగొచ్చి వెళ్ళిపోయింది. "భయం కాలేదా?" అని అడిగితే "అయింది. అయితే ఏంది?" అంది. ఎలుగుబంటికే విసుగు పుట్టించింది, మీరెంత?

ఎగతాళి పక్కన పెట్టి మనసులో మాట రాస్తున్నాను సారు. నా పిల్ల చిన్నది. ఇంకా చదువుకోవాలి. బాయిలో దిగేటప్పుడు రోజూ దాని గురించే అనుకుంటాను. నాయక్ పరువు ఏమైనా కానీ, ఇప్పుడే ఒకరింటికి పంపలేను.

ఇట్లు,
తుల్సీరాం

తా.క.: మామిడికాయ రాలగొట్టమంటే, గాలి ఆగేదాకా రాయి పట్టుకుని నిలబడుతుంది. ఆ పూట ఇంట్లో పచ్చడి ఉండదు. ఇది కూడా నచ్చిందంటే ఇక మీతో నావల్ల కాదు.

*

భద్రాచలం,
19 మే

తుల్సీరాం గారికి,

గాలి ఆగేదాకానా! అది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా పిల్లలకు ఆ ఒక్కటి నేర్పడానికే నాకు ఏడాది పడుతుంది. భయం ఉన్నా కదలకపోవడం ఎవరికీ నేర్పలేకపోయాను, ఎందుకంటే నాకే రాదు.

కానీ నేను రాసేదాంట్లో సగమే మీకు చేరుతున్నట్టుంది. పెళ్ళి కాదని స్పష్టంగా రాశాను. ఆ పదకొండు మందీ శిబిరంలో బాణాలు నేర్చుకునే పిల్లలు. నాకున్నది ఒక్క ఇన్నమ్మ. అందుకే ఈ ఉత్తరం మీ బాయి ఆఫీసు గుమాస్తా సవరయ్య గారి పేర పంపుతున్నాను. మా చర్చికి వచ్చే మనిషి. నా పాత ఉత్తరాలు కూడా తీసుకెళ్ళండి, ఒక్క ముక్క వదలకుండా చదివి వినిపిస్తారు. నెలాఖరులోగా మీ సమ్మతి రాకపోతే చోటు సత్తుపల్లి అమ్మాయికి ఇవ్వక తప్పదు. అలా ఇవ్వాల్సి వస్తే నిజంగా బాధపడతాను.

ఇట్లు,
మీ అంతోనయ్య

తా.క.: "తప్పు ఆమెది కాదు" అన్న మీ వాక్యాన్ని ఇన్నమ్మ చింపి దాచుకుంది. ఇంట్లో ఏ మాట వచ్చినా తీసి చూపిస్తోంది.

*

రూప్లా తండా,
26 మే

అంతోనయ్య సారు గారికి,

తుల్సీరాం చేతులు జోడించి చెబుతుంటే సవరయ్య గారు రాస్తున్న ఉత్తరం.

ఆయన మీ ఉత్తరాలన్నీ మా వాకిట్లో కూర్చుని పైకి చదివారు. "పెళ్ళి కాదు, బాణాలు" అన్నచోట నేను లేచి "ఓస్, గింతేనా! తోలుకపొమ్మను!" అని అరిచాను. నాయక్ విన్నాడు, తండా అంతా విన్నది. అరిచాక గుర్తొచ్చింది, ఆ ముక్క నేను ఇంతకుముందు ఎన్నడూ వినలేదని.

నాకు చదువు రాదు సారు. మీ ఉత్తరాలు చదివింది చాంది. నా ఉత్తరాలు రాసిందీ చాందే. నేను చెప్పిన లోపాలన్నీ తన మీద తనే, రెప్ప కొట్టకుండా రాసింది. చదివేటప్పుడు మాత్రం బాణాలూ శిబిరమూ ఉన్నచోటల్లా దాటేసింది. పదకొండు మంది అన్నచోట గొంతు పెంచింది.

"ఏందే గిట్ల చేసినవ్?" అని అడిగాను.

"గుణం అడిగితే నువ్వు అన్నీ మంచిగనే చెప్తవ్ బాపూ. సారు నిజం రాయమన్నడు. కోపమొస్తేనే నువ్వు నిజం చెప్తవ్" అంది.

"మరి బాణాల సంగతి ఎందుకు దాచినవ్?"

"మొదలే చెప్తే నువ్వేమందువు?"

"ఆడపిల్లకు బాణాలేంది, వద్దు అందును."

"ఇప్పుడేమన్నవ్?"

తండా అంతా విన్నాక ఇంకేం కాదనను? ఆ ఒక్క మాట నా నోటినుంచి వచ్చేదాకా నెలరోజులు చప్పుడు చేయకుండా కూర్చుంది సారు. ఎలుగుబంటికి ఎందుకు విసుగొచ్చిందో నాకు ఇప్పుడు తెలిసింది.

నా పూర్తి సమ్మతితో పంపుతున్నాను. నవ్వుతూనే చెబుతున్నాను గానీ ఇల్లు బోసిపోతుంది. డ్యూటీ దిగి రాగానే దాన్ని పిలవడం నాకు అలవాటు. పలకదు, అయినా పిలుస్తాను. జాగ్రత్తగా చూసుకోండి.

ఇట్లు,
తుల్సీరాం వేలిముద్ర

తా.క.: ఇక పెట్టె సర్దుకోమని చెప్పాను. మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే సర్దుకుందట.