ఐదేళ్ల లోపు వారికి మాత్రమే

పోషకాహార సహాయ కార్యాలయం వారికి,

అయ్యా,

మాకు ఇద్దరు పిల్లలు. పెద్దదానికి ఐదేళ్లు నిండడానికి ఇంకా ఇరవై రోజులున్నాయి. చిన్నవాడు ఇప్పుడిప్పుడే గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. నేను ప్రెస్సులో కంపోజింగు చేసేవాణ్ణి, అంటే సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి కూర్చేవాణ్ణి. ప్రెస్సుకు తాళం పడి మూడు నెలలైంది. నా భార్య నాలుగిళ్లల్లో అంట్లు తోముతోంది. మా ఇంట్లో మాత్రం తోమేంత అంట్లు పడటం లేదు. ఐదేళ్ల లోపు పిల్లలకు మీరిచ్చే పాలపొడి, పప్పు కోసం ఫారం నింపి పంపుతున్నాను.

నాలుగో గడిలో ‘కుటుంబ యజమాని’ అని ఉంది. ఆ మాట మీదే నా అభ్యంతరం. యజమాని ఫ్యాక్టరీకి ఉంటాడు, గొడ్లకు ఉంటాడు. మా ఇంట్లో ఎవరికీ ఎవరూ యజమాని కారు. అందుకని ఆ గడిలో ‘లేరు’ అని రాశాను.

సమానత్వాభివందనాలతో,
అక్షరాల కూలీ

తా.క. నేనే రాసి, నేనే అచ్చువేసిన కరపత్రం ఒకటి జతచేశాను. చదివాక పక్క బల్లవారికి ఇవ్వండి.

---

పిల్లల తల్లిగారికి,

అమ్మా,

మీ ఫారం అందింది. ఫారంతో వచ్చే ఉత్తరాలు వేరే విభాగం చదువుతుంది, నేను చూడలేదు. నాలుగో గడి మాత్రం చూసి మా గదిలో అందరం బాధపడ్డాం. ఇద్దరు పసివాళ్లతో మిమ్మల్ని వదిలి మీవారు వెళ్లిపోవడం చాలా అన్యాయం. ఆయన మరణ ధ్రువపత్రం రెండు ప్రతులు పంపగలరు.

సానుభూతితో,
ఫారాల గుమాస్తా

తా.క. ఫారం చివర సంతకం మీవారిదిలా ఉంది. పోయినవారి సంతకం చెల్లదు. జతచేసిన కాగితాన్ని కర్మకాండల కబురనుకుని దస్త్రంలో పెట్టాం.

---

అయ్యా,

పోయినవాణ్ణే, ఈసారి నేరుగా మీకే రాస్తున్నాను. మీ ఉత్తరం వచ్చేసరికి నా భార్య పనిలో ఉంది. పక్కింటావిడ విప్పి చదివి ఒక్క కేక పెట్టింది. నేను పెరట్లో చిన్నవాడికి నీళ్లు పోస్తున్నాను. తడి చేతులతో వచ్చి తలుపు తీస్తే, పలకరించడానికి వచ్చినావిడ ఒకరు గుమ్మంలోనే కూలబడ్డారు.

మనిషిని నిలువునా చంపిన ఆ దరఖాస్తు చించి పారెయ్యండి. కొత్తది పంపుతున్నాను. యజమాని గడిలో ఈసారి ‘ఇద్దరూ’ అని రాశాను. ఎవరూ చావరనుకుంటాను.

సజీవంగా,
అక్షరాల కూలీ

తా.క. పరామర్శకు వచ్చినవాళ్లు తెచ్చిన రొట్టెలు పిల్లలిద్దరూ కడుపునిండా తిన్నారు. మళ్లీ ఎప్పుడు పోతావు నాన్నా అని పెద్దది అడుగుతోంది.

---

అయ్యా,

మీరు ఉన్నందుకు సంతోషం. మీరు కోరినట్టే పాత దరఖాస్తు చించేశాం. అయితే ఒక కుటుంబానికి ఒక్క యజమానే ఉండాలి. ఇద్దరున్నారంటే రెండు కుటుంబాలని లెక్క. మీరు, మీ ఆవిడ వేరుపడ్డారేమో చూసి రమ్మని తనిఖీ అధికారిని పంపుతున్నాం. ఆయన వచ్చి పొయ్యిలు లెక్కపెడతారు.

ఇట్లు,
ఫారాల గుమాస్తా

తా.క. నేను అయ్యను కాను. ఇంకోమాట, ఇది ఆఫీసు మాట కాదు: ఎవరో ఒకరి పేరు రాసెయ్యండి. పాప పుట్టినరోజు దగ్గరపడుతోంది.

---

అమ్మా,

తనిఖీ అధికారి వచ్చారు. పొయ్యి ఉన్నది ఒకటే, అదీ వెలగటం లేదు. దాన్ని ఒకటని రాయాలా సున్నా అని రాయాలా అని ఆయన తల పట్టుకున్నారు. వెలగని పొయ్యి ఎవరి పాపమో రాసుకొమ్మని నేను లేచాను. వీధిలో జనం పోగయ్యారు. అరగంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు కూడా. ఆయన ‘వివరాలు ఇవ్వడానికి నిరాకరించారు’ అని రాసుకుని, కలం మూసి వెళ్లిపోయారట.

అందరూ వెళ్లాక నా భార్య ఒకటే అడిగింది: “ఆ చప్పట్లు ఉడకేసి పెట్టమంటావా పిల్లలకి?”

మూడో ఫారం పంపుతున్నాను. నాలుగో గడిలో నా పేరే రాశాను.

ఇట్లు,
యజమాని

తా.క. ఈ మాట ఎందుకు తప్పో వివరిస్తూ ఆరు పేజీలు రాసి చింపేశాను. మీరు చదివింది ఏడోది.

---

అయ్యా,

మీ చిన్నబాబుకు కార్డు మంజూరైంది, జతచేశాను.

పెద్దపాపకు రాలేదు. మొదటి దరఖాస్తు మీరు చించమన్నారు, చించేశాం. రెండోది తనిఖీ అధికారి రాసిన మాటతో రద్దయింది. మూడోది మా బల్ల మీదికి వచ్చేసరికి పాపకు ఐదేళ్లు నిండి రెండు రోజులైంది.

ఇట్లు,
ఫారాల గుమాస్తా

తా.క. చించింది నేనే. దస్త్రంలోంచి తీసి మీ కరపత్రం ఇవాళ చదివాను. బాగుంది. ఆ మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది.

---

అమ్మా,

కార్డు చూపించి పాలపొడి, పప్పు తెచ్చుకున్నాం. మీ మీద కోపం లేదు.

నాకెందుకు ఇవ్వలేదని పెద్దది అడిగింది. నావల్లే పోయిందని చెప్పడానికి నోరు రాలేదు. నువ్వు పెద్దదానివైపోయావని ప్రభుత్వమే ఒప్పుకుందని చెప్పాను. నమ్మింది. వీధిలో గడపగడపకీ వెళ్లి చెప్పుకొచ్చింది.

ఇప్పుడు పాలు కలిపి ఇద్దరికీ చెరిసగం పోస్తే, తన గిన్నె తమ్ముడి ముందుకు తోసేస్తోంది. “ఇవి చిన్నపిల్లలవి నాన్నా. నేను తాగితే ప్రభుత్వంవాళ్లు తిడతారు” అంటోంది. వాళ్లమ్మ బతిమాలింది. నేను బుజ్జగించాను, కసిరాను, అబద్ధం చెప్పానని కూడా ఒప్పుకున్నాను. పాలు తాగించడానికి అలా అంటున్నానని నవ్వింది. నాలుగు రోజులైంది. వీధి జనాన్ని అరగంట నిలబెట్టినవాణ్ణి, నా కూతురి చేత ఒక్క గుక్క తాగించలేకపోతున్నాను.

కార్డు అడగటం లేదు. ఒక్క కాగితం కావాలి. ‘ఐదేళ్లు నిండినవారు కూడా తాగవచ్చు’ అని రాసి, కింద గుండ్రటి ముద్ర వేసి పంపండి. నా మాటైతే నమ్మదు. ముద్ర ఉంటే నమ్ముతుంది.

ఇట్లు,
పెద్దదాని నాన్న

తా.క. అక్షరాలు కాస్త పెద్దవిగా రాయండి. ఇంకా కూడబలుక్కునే చదువుతోంది.