గ్లోవ్స్‌లో మిగిలిన ముళ్ళు

మార్చి 6
ఎండ. గాలి లేదు. పెరటి చివర తేనెపెట్టెల అడుగుచెక్కలు గీకి శుభ్రం చేశాను. చుట్టుపక్కల చెట్ల పూత బాగుంది. వేసుకునే తెల్ల డ్రెస్సూ గ్లోవ్సూ ఉతకడానికి మా ఆవిడకిచ్చాను.

మార్చి 7
మబ్బు. తేనెటీగలు చిరాగ్గా ఉన్నాయి. రెండుచోట్ల కుట్టాయి. మామూలే.

మార్చి 9, మధ్యాహ్నం
ఆసుపత్రి వరండా. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి, అందుకని రాస్తున్నాను.

ఉదయం ఆవిడ తీగ మీద దుప్పట్లు ఆరేస్తుంటే మెడ మీద ఒక ఈగ కుట్టింది. ఒక్కటే. ముల్లు నేనే గోటితో గీకి తీశాను. మీ పిల్లలకి బొత్తిగా మర్యాద నేర్పలేదండీ అని నవ్వింది కూడా. లోపలికి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తాగేలోపే అరచేతులు దురదగా ఉన్నాయంది. తరవాత పెదవులు లావెక్కాయి. ఒళ్ళంతా దద్దుర్లు. గొంతు ఎవరో పట్టుకున్నట్టు ఉందని చెప్పబోయింది, మాట సగంలో ఆగిపోయింది. మెట్టు మీద కూర్చోబెడితే అలాగే పక్కకి ఒరిగిపోయింది.

ఎదురింటి డ్రైవర్ వ్యాన్ తీశాడు. వెనక సీట్లో పడుకోబెట్టి, స్పృహ తప్పకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి అన్నాడు. ఆవిడ చేయి పట్టుకుని పెట్టెల నంబర్లు వరసగా చదివాను.

ఇక్కడ నర్సు ఆవిడ తొడలో ఇంజెక్షన్ పొడిచింది. చూస్తుండగానే ముఖానికి రంగు వచ్చింది. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదండీ అంది నర్సు.

మార్చి 11
నిన్న ఇంటికి తెచ్చాం. ఆవిడ అన్నయ్య, మా బావ, తన తోట నుంచి వచ్చాడు. ఏం బావా, పెంచుకోవడానికి నీకు ఇంకేమీ దొరకలేదా, ఏ కుక్కనో పిల్లినో పెంచుకుని ఉంటే నా చెల్లెలు ఇలా మంచాన పడేదా అని నిలదీశాడు. నేను కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళాను. ఆయన్ని అనేదేదో నాతో అను అన్నయ్యా, ఆయన సమాధానం చెప్పేసరికి కాఫీ చల్లారిపోతుంది అని ఆవిడ అనడం వినిపించింది.

బావ వెళ్ళాక నాతో, చావబోయే మనిషికి పెట్టెల నంబర్లు చదివి వినిపిస్తారా ఎవరైనా అంది. పైగా నాలుగో నంబరు రెండుసార్లు చదివారు అంది.

మార్చి 12
పెట్టెల దగ్గరికి వెళ్ళలేదు.

మార్చి 15
చిన్న జల్లు. తలుపు బందు బిగించాను.

ఒకటే ఆలోచన. నన్ను వారం వారం కుడతాయి. వేలు వాస్తుంది, తగ్గుతుంది. ఇన్నేళ్ళలో ఆవిడని కుట్టింది ఏ రెండుసార్లో. పెట్టెల దగ్గరికే రాదు. విషమంతా నా ఒంట్లోకి ఎక్కుతుంటే, ప్రమాదం ఆవిడకి ఎలా వచ్చింది? లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకం తెచ్చాను. సగం అర్థం కాలేదు. అర్థమైన సగం భయపెట్టింది.

మార్చి 21
పెట్టెలన్నీ తీసుకెళ్ళి అమ్మేయమని బావకి చెప్పాను. ఆవిడకి చెప్పలేదు.

ఏప్రిల్ 18
ఎండ బాగా ముదిరింది. ఉదయం నీళ్ళ తొట్టి కడిగాను.

టెస్టులకి కొన్ని వారాలు ఆగి రమ్మన్నారు కాబట్టి ఇవాళ వెళ్ళాం. అలర్జీ డాక్టర్ నెమ్మదిగా మాట్లాడే మనిషి. ముంజేతి మీద చుక్కలు చుక్కలుగా మందు వేసి సూదితో గుచ్చారు. ఈగ విషం వేసిన చోట రూపాయి బిళ్ళంత దద్దురు లేచింది.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. విషం మొదట తగిలినప్పుడు కొందరి ఒళ్ళు దాన్ని పెద్ద శత్రువు అనుకుంటుంది. దాని పోలిక గుర్తుపట్టే యాంటీబాడీలు తయారుచేసి, చర్మంలో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో కొన్ని కణాలకి అతికించి పెట్టుకుంటుంది. ఆ కణాల నిండా దురదా వాపూ తెచ్చే హిస్టమిన్ లాంటి రసాయనాలు ఉంటాయి. పైకి ఏమీ తెలియదు. మళ్ళీ అదే విషం తగిలిన రోజున ఆ కణాలు అన్నిటినీ ఒక్కసారిగా గుమ్మరిస్తాయి. రక్తనాళాలు వదులైపోతాయి, బీపీ పడిపోతుంది, ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. అంటే ఆ రోజు ఆవిడ మీద పడింది ఈగ కాదు, ఆవిడ సొంత కాపలా.

ఇది నాకు తెలిసిన సంగతే అనిపించింది. ఒకసారి బెదిరిన పెట్టె మర్నాడు మూత మీద వేలు వేస్తే చాలు, మొత్తం మీదకి లేస్తుంది.

మరి నాకేం కాదెందుకని అడిగాను. తరచుగా కుట్టించుకునేవాళ్ళలో చాలామందికి అడ్డుపడే వేరే రకం యాంటీబాడీలు పెరుగుతాయట. ఎప్పుడో ఒకసారి కొద్దికొద్దిగా తగిలేవాళ్ళకే ఎక్కువ ముప్పట. తేనెటీగలు పెంచేవాళ్ళ ఇళ్ళల్లో మిగతావాళ్ళకి రావడం తాను చూశానంది. అందరికీ ఎందుకు రాదంటే, పూర్తిగా ఎవరికీ తెలియదు అంది. తెలియదు అని చెప్పినందుకు ఆమె మీద నమ్మకం కుదిరింది.

తరవాత ఆవిడని అడిగింది, ఈయన బట్టలు ఎవరు ఉతుకుతారమ్మా అని.

ఇంకెవరు, నేనే, ముందు గ్లోవ్స్‌లో ముళ్ళు తీసి ఆ తరవాత ఉతుకుతాను అంది ఆవిడ.

ఏ ముళ్ళు అన్నాను నేను.

తోలులో దిగిపోయిన ఈగల ముళ్ళు. వాటికి అరటిపండు వాసన ఉంటుంది, ఆ వాసనకే మిగతా ఈగలు రెచ్చిపోతాయి. ఆ సంగతి పెళ్ళయిన కొత్తలో నేనే చెప్పానట. అప్పటినుంచి గ్లోవ్స్ ఎండబెట్టి, కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కొక్క ముల్లూ గోళ్ళతో పీకి, దులిపి ఉతుకుతోందట. ఉతికినంత మాత్రాన అవి ఊడిరావండీ అని డాక్టర్‌కి వివరించింది. ముళ్ళు, వాటితోపాటు ఎండిన విషం పొడి, ఇన్నేళ్ళుగా ఆవిడ వేళ్ళకి, ఊపిరికి.

అదే కారణమని ప్రమాణం చేయలేను, అయ్యుండొచ్చు అంది డాక్టర్.

నా గ్లోవ్స్ మంచి రకం, ముల్లు నిలవదు అనుకునేవాణ్ణి. ఒకరిద్దరికి అలా చెప్పాను కూడా.

ఏప్రిల్ 20
బావ వ్యాన్ వేసుకుని వచ్చాడు. ఆవిడకి అప్పుడు తెలిసింది. అమ్మేస్తున్నారా అని అడిగింది. నేను తలూపాను. అయితే పక్కింటి పూలచెట్టుకి వచ్చే ఈగల్ని ఎవరికి అమ్ముతారు, రోడ్డు మీద తిరిగేవాటిని ఎవరికి అమ్ముతారు అంది. నేను జన్మంతా కిటికీలు మూసుకుని కూర్చోవాలా, ఎదురుగా పనీపాటా లేకుండా మీరూ కూర్చుని నన్నే చూస్తుంటే దద్దుర్లు దానికే వస్తాయి అంది. బావ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

చివరికి పెట్టెలు బావ తోటలో ఉంచేటట్టు, నేను అక్కడే పని చేసి, అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకుని వచ్చేటట్టు ఒప్పందం. విషాన్ని ఒంటికి అలవాటు చేయడానికి డాక్టర్ చెప్పిన ఇంజెక్షన్లకి ఆవిడ వెళుతుంది.

మే 3
మొదటి ఇంజెక్షన్. సీసాలో ఉన్నది ఈగల విషమే. నీళ్ళల్లో కలిపి కలిపి, ఉందో లేదో అన్నంత. వారం వారం కొంచెం పెంచుతారు. ఇచ్చాక అక్కడే కూర్చోబెట్టి చూస్తారు. ఆవిడ స్వెట్టర్ అల్లుకుంది. నేను ఆవిడ పెదవులు చూశాను.

జూన్ 14
వాన. ఇవాళ డోసు ఆవిడ ఒంటికి పడలేదు. దద్దుర్లు, ఆయాసం. మందు వేశారు, తగ్గింది. వచ్చే వారం వెనక్కి తగ్గించి మళ్ళీ మొదలుపెడతామన్నారు. తిరుగు దారిలో, ఇక చాలు, మానేద్దాం అన్నాను. నాకు అదే పొడవైన మాట. ఇంటికి వచ్చాక ఆవిడ గుమ్మంలో గొడుగు దులుపుతూ, భయం మీదా నాదా అని అడిగింది.

నాది అన్నాను. అయితే మీరు మానేయండి అంది.

జూన్ 22
బావ తోటలో బలహీనంగా ఉన్న పెట్టెని ఇంకోదానితో కలిపాను. ఊరికే కలిపితే వాసన తేడాకి ఈగలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మధ్యలో ఒక న్యూస్‌పేపర్ పరిచి, ఒకదానిమీద ఒకటి పెట్టాలి. అటూ ఇటూ కొరుక్కుంటూ పోతాయి. కాగితం చిరిగేసరికి వాసనలు కలిసిపోతాయి. అప్పటికి ఎవరూ పరాయి కాదు.

ఇంటికి వచ్చి ఆవిడకి చెప్పాను, ఇంజెక్షన్ కూడా ఇంతే అని. అయితే నేను పేపర్‌నా అంది. కాదు, పై పెట్టె అన్నాను. ఈ ఏడాదికి ఇదొక్క మంచి మాట, రాసిపెట్టుకోండి అంది. రాశాను.

సెప్టెంబర్ 5
పూర్తి డోసు. ఏమీ కాలేదు. ఇకనుంచి నెలకి ఒకటి, కొన్నేళ్ళపాటు. కుడితే వెంటనే తొడలో పొడుచుకునే అడ్రినలిన్ పెన్ మాత్రం ఎప్పుడూ దగ్గర ఉండాలి.

సెప్టెంబర్ 6
గ్లోవ్స్‌లో ముళ్ళు నేనే తీశాను, తోటలో కూర్చుని. వెలుతురు చాలదు, వేళ్ళు మొద్దు. సాయంత్రమంతా పట్టింది.

మార్చి 18
డాక్టర్ సరేనంది. పెట్టెలు పెరటి చివరికి తిరిగి వచ్చాయి. ఆరేసే తీగ ఇంటి ముందుకి మార్చాను. బావ పోతూ పోతూ, ఈసారి ఏమైనా అయితే నిన్నే ఆ తీగ మీద ఆరేస్తాను బావా అన్నాడు.

మార్చి 29, ఉదయం
ఎండ. కొద్దిగా గాలి. పెట్టెల కింద గడ్డి కోశాను.

ఆవిడని ఈగ కుట్టింది. ఎడమ మణికట్టు. ముల్లు గీకేశాను. పెన్ బల్ల మీద, నా చేతికి అందేలా ఉంది. ఎదురింటి డ్రైవర్ వ్యాన్ తిప్పి పెట్టుకున్నాడు. ఆవిడ ఎదురు కుర్చీలో కూర్చుంది. నేను ఆవిడని చూస్తున్నాను, ఆవిడ ఈ పుస్తకాన్ని చూస్తోంది.

అరచేతుల్లో దురద లేదట. పెదవులు మామూలే. గొంతెలా ఉందంటే, మిమ్మల్ని తిట్టడానికి సరిపడా ఉంది అంది.

మణికట్టు వాచింది. అక్కడే ఆగింది. కుడివైపు గోడ మీద ఎండ కదిలింది. వాపు కదల్లేదు.

రాసింది చాలు, నంబర్లు చదవండి, ఈసారి నాలుగు ఒక్కసారే అంటోంది. గ్లోవ్స్‌లో ముళ్ళు ఇంకా తియ్యాలి, సాయంత్రం నేనే తీస్తాను.