చుక్కల వాళ్ళకు ఒక విస్తరి

కామాటిపురా, ఏడో గల్లీ, బొంబాయి
4 జూన్ 1984

వర్లిలో చుక్కలు చూపించే గుండ్రటి బంగ్లా పెద్దలకు, రత్నాబాయి రెండు చేతులూ జోడించి రాయించేది.

మొన్న మనవాడొకడు ఆకాశంలోకి వెళ్ళి క్షేమంగా దిగి వచ్చాడు కదా. అప్పటినుంచి మా చాళీ నల్లా దగ్గర ఒకటే చర్చ, పైన ఇంకెవరైనా ఉన్నారా అని. ఉన్నారనే నా నమ్మకం. అంత పెద్ద ఆకాశం కట్టి, ఒక్క గదిలోనే కాపురం పెట్టించడానికి అమ్మవారేమీ తెలివితక్కువది కాదు. మా చాళీలో పది అడుగుల గదికి పదిమందిమి ఉంటాం.

అసలు సంగతికి వస్తాను. ఆషాఢంలో మూడో ఆదివారం మా పోచమ్మ బోనాలు. ఆ రోజు బంతి భోజనంలో మొదటి విస్తరి ఎక్కడినుంచో వచ్చిన పరాయి మనిషికి వేస్తాం. మా తాత గంప, పార పట్టుకుని పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్ళో దిగిన రోజు ఆ విస్తరిలోనే తిన్నాడు. ఇప్పుడు ఆరేళ్ళుగా దాని ముందు ఎవరూ కూర్చోవడం లేదు. ఈసారి కూడా ఖాళీగా ఉంటే ఆ ఆచారం ఎత్తేస్తామని చాళీ కమిటీ తీర్మానం చేసింది. అందుకని, మీ ఎరుకలో చుక్కల మీది వాళ్ళెవరైనా ఉంటే జూలై పదిహేను మధ్యాహ్నం భోజనానికి రమ్మని మా మాటగా చెప్పండి. ఒక్కరు వచ్చినా చాలు.

ఇట్లు, మీ మేలు మరవని
రత్నాబాయి (వేలిముద్ర)

తా.క.: ఆమెకు రాత రాదు కనుక నేను రాశాను. ఆమె మాటతీరు ఆఫీసులకు పనికిరాదు కనుక మర్యాదగా దిద్దాను. ఆ కమిటీ అధ్యక్షుణ్ణి నేనే. తీర్మానం కూడా నాదే. — దుర్గయ్య


వర్లి
11 జూన్ 1984

శ్రీమతి రత్నాబాయి గారికి చుక్కల ఆఫీసు నమస్కరించి తెలియజేయునది.

తమరి ఉత్తరం అందినది. పైన మనుషులు ఉన్నారా అన్న సంగతి మా పెద్దసారు రోజుకు మూడు ఆటల్లో చెబుతారు. ఉండవచ్చు, ఉండకపోవచ్చు అని చెప్పి లైట్లు వేస్తారు. వాళ్ళ దగ్గరనుంచి ఇంతవరకు ఒక కార్డు ముక్క కూడా రాలేదు. వస్తే మొదట తమకే చెబుతాం. ఇంత ప్రేమగా భోజనానికి పిలిచిన ఉత్తరాన్ని కాదనే అధికారం మాత్రం ఈ ఆఫీసుకు లేదు.

ఇట్లు, విధేయతతో
ఆఫీసు వారు

తా.క.: ఆ రోజు ఏమేమి వండుతారో రాస్తే ఫైలులో పెట్టుకుంటాం.


ఏడో గల్లీ
18 జూన్ 1984

మా పిలుపు అందుకున్న చల్లని ఆఫీసు వారికి రత్నాబాయి దండాలు.

మీరు కాదనలేదంటే వాళ్ళు వస్తున్నట్టే. ఆ మాట విని మా చాళీ అంతా సంతోషించింది. ఉత్తరం తీసుకెళ్ళి అమ్మవారి పాదాల దగ్గర పెట్టి దీపం వెలిగించాను. ఇక వంటలు: బోనం అన్నం, యాటకూర, తలకాయ కూర, జొన్నరొట్టె, గారెలు, పచ్చిపులుసు. వాళ్ళకు కారం పడకపోతే ముందుగా తెలపండి, పెరుగు తోడు పెట్టిస్తాను. మా మీద ఇంత దయ చూపినందుకు మీ పిల్లాపాపలు చల్లగా ఉండాలి.

రత్నాబాయి (వేలిముద్ర)

తా.క.: నిన్న కమిటీ కూర్చున్నది. మన శాస్త్రాల్లో లోకాలు పద్నాలుగు ఉన్నాయి కనుక పైన మనుషులు ఉండటానికి నాకేమీ అభ్యంతరం లేదు. మూడు కళ్ళున్నా సరే, శివుడికి ఉన్నాయి. తోక ఉన్నా సరే, హనుమంతుడికి ఉంది. కాకపోతే వాళ్ళు ఏ దేవుణ్ణి కొలుస్తారో తేలకుండా అమ్మవారి బంతిలో ఎలా కూర్చోబెట్టడం? ఈ ప్రశ్నకు ఆఫీసు జవాబు రాతపూర్వకంగా కావాలి. — దుర్గయ్య


వర్లి
25 జూన్ 1984

రత్నాబాయి గారి సముఖానికి, చుక్కల ఆఫీసు కొంచెం కంగారుగా రాసుకొనునది.

వాళ్ళు వస్తారని మేము అనలేదు. పెద్దసారు చెప్పిన ప్రకారం అన్నింటికన్నా దగ్గరి చుక్క నుంచి వెలుతురు రావడానికే నాలుగేళ్ళు పడుతుంది. మనిషి నడక సంగతి వేరే చెప్పనక్కరలేదు. తలకాయ కూర చల్లారిపోతుంది. దయచేసి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. దుర్గయ్య గారి ప్రశ్నకు జవాబు: దేవుడి సంగతి మా ఆఫీసు చూడదు, చుక్కల వరకే.

ఇట్లు, ఆఫీసు వారు

తా.క.: పచ్చిపులుసులో కాల్చిన పచ్చిమిర్చి వేస్తారా, ఎండుమిర్చి వేస్తారా? సైన్సుకు అవసరం.


ఏడో గల్లీ
2 జూలై 1984

ఆఫీసు వారికి రత్నాబాయి వెయ్యి దండాలు పెట్టి రాయించేది.

నాలుగేళ్ళ ప్రయాణమని మీరు చెప్పి మంచిపని చేశారు. అంత దూరం వచ్చేవాళ్ళు ఎంత ఆకలి మీద ఉంటారో పాపం. బియ్యం రెండింతలు చేశాం. నాగ్‌పాడా నుంచి బ్యాండు మాట్లాడాం. వచ్చిన వాళ్ళకు బట్టలు పెట్టాలి కదా. చేతులు ఎన్ని ఉంటాయో తెలియక గుడ్డ కుట్టించకుండానే పెడదామని మా తారాబాయి సలహా ఇచ్చింది. మిర్చి కాల్చిన పచ్చిమిర్చే. ఇంకో రకంగా చేస్తే అది పచ్చిపులుసు కాదు.

రత్నాబాయి (వేలిముద్ర)

తా.క.: మీ జవాబుతో తృప్తి పడక, వాళ్ళది ఏ దేవుడని ఆమెనే అడిగాను. ఆమె అన్న మాట దిద్దకుండా రాస్తున్నాను: "మన తాతలు బొంబైల దిగిననాడు గీ ఊరోళ్ళు గిట్లనే అడిగిన్రు. అడిగినోళ్ళ పేర్లు ఒక్కటి యాదికి లేవు. బువ్వ పెట్టినోళ్ళయి అన్ని యాదికున్నయ్." పెన్నులో సిరా అయిపోయింది. — దుర్గయ్య


వర్లి
9 జూలై 1984

రత్నాబాయి గారికి ఆఫీసు చేతులెత్తి వేడుకొనునది.

దయచేసి బ్యాండు మానిపించండి. చుక్కల మీదినుంచి ఎవరూ రావడం లేదు. ఇది ఖాయం. కానీ మీ తాత గారు తిన్న విస్తరి మా వల్ల ఎత్తేశారన్న మాట మాకు వద్దు. అందుకని ఆఫీసు తరఫున ఒక మనిషిని పంపిస్తున్నాం. చాలా చిన్న ఉద్యోగి. చేతులు రెండే.

ఇట్లు, ఆఫీసు వారు

తా.క.: కామాటిపురాలో అడుగు పెట్టనని ఆ మనిషి తల్లికి ఒట్టు వేసి బొంబాయి వచ్చాడు. ఊళ్ళో వాళ్ళకు ఆ పేరు చెబితే ఎర్రదీపాల సంగతి ఒకటే గుర్తుకొస్తుంది. అమ్మవారి పండుగకు, పట్టపగలు వస్తే ఒట్టు తప్పినట్టు కాదని ఆఫీసు తీర్పు చెప్పింది.


వర్లి
17 జూలై 1984

రత్నాబాయి అమ్మకు నర్సింహులు కాళ్ళు మొక్కి రాసేది.

అమ్మా, నేను ఆఫీసు మనిషిని కాదు. ఆఫీసు వారు అని రాసింది కూడా నేనే. ఈ బంగ్లా ఆవరణలో బండలు పరిచే కూలీని. మాది పాలమూరు జిల్లా, ఏడో తరగతి వరకు చదివాను. మా జట్టును మేస్త్రీ పుణేకు తీసుకుపోయి, బండలకు కాపలాగా నన్నొక్కణ్ణి ఇక్కడ ఉంచాడు. ఒక రోజు గుమాస్తా మీ ఉత్తరం తెచ్చి, ఇది మీ అక్షరాల్లాగా ఉంది, చూడమన్నాడు. చదివాను. అంత ప్రేమగా అడిగిన మాటకు జవాబు లేకుండా పోతే పాపం అనిపించింది. బండలు పరిచేవాడి జవాబు ఎవరు లెక్కపెడతారు? అందుకే ఆఫీసునయ్యాను.

మొన్న మీరు పక్కన నిలబడి ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అంటుంటే నాకు విస్తరి కనబడలేదు. కారం ఎక్కువైందని మీరు పెరుగు కోసం పరుగెత్తారు. అది కారం కాదు. మూడు నెలలుగా నేను తిన్నానా లేదా అని చూసిన మనిషి లేడు. మీ రుణం ఈ జన్మకు తీరేది కాదు.

కానీ అబద్ధం చెప్పి కూర్చున్నాను. అమ్మవారి విస్తరిని నేను మైల చేసి ఉంటే దుర్గయ్య గారు అది ఖాళీ అనే రాసుకోవచ్చు. అలా రాస్తే తప్పు నాది, ఆచారానిది కాదు. దయచేసి దాన్ని ఎత్తేయకండి.

మీ బిడ్డలాంటి
నర్సింహులు

తా.క.: తలకాయ కూర మూడుసార్లు వేయించుకున్నది ఆఫీసు తరఫున కాదు, నా సొంతం.


ఏడో గల్లీ
22 జూలై 1984

చిరంజీవి నర్సింహులును దుర్గయ్య దీవించి రాసేది.

ఈ ఉత్తరం ఆమె రాయించలేదు, నేనే రాస్తున్నాను. నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. క్షమాపణ దగ్గరికి వచ్చేసరికి నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఆమె మాత్రం చాటలో బియ్యం ఏరుకుంటూ నవ్వుతోంది. ఎందుకు నవ్వుతున్నావంటే అప్పుడు చెప్పింది.

ఆమె కూతురు మంగళ వర్లి చాళీలో ఉంటుంది. మంగళవారం మంగళవారం ఈమె అక్కడికి పోతుంది. మే నెలలో ఒక రోజు నువ్వు ఆ బంగ్లా గోడ నీడన కూర్చుని, ఒక కుక్కకు మీ మేస్త్రీ మీద తెలుగులో చాడీలు చెబుతున్నావట. "తిన్నవా బిడ్డా" అని ఈమె అడిగితే, తల ఎత్తకుండా "తిన్న" అన్నావట. "గది తిన్న కడుపు గాదు" అంటుంది. పిలిస్తే వచ్చే రకం కాదని అప్పుడే గ్రహించింది.

మొదటి ఉత్తరం రాసేటప్పుడు మరాఠీలో రాద్దాం, ఆఫీసుకు అర్థమవుతుందని నేనన్నాను. కవరు మీద మరాఠీ, లోపల తెలుగు రాయమని పట్టుబట్టింది. మొండితనం అనుకున్నాను. తెలుగులో రాస్తే ఆ బంగ్లాలో అది నీ ఒక్కడి చేతికే చేరుతుందని నాకు తట్టలేదు. ఆమె పిలిచింది మొదటినుంచీ నిన్నే. మధ్యలో నేను శివుడి కళ్ళు, హనుమంతుడి తోక లెక్కపెడుతూ కూర్చున్నాను.

అయితే చుక్కల మీద మనుషులున్నారన్నది నీ నమ్మకం కాదా అని ఆమెను అడిగాను. "ఉన్నరు. ఎందుకుండరు? ఆళ్ళను కన్న అమ్మ ఆళ్ళ తానే ఉంటది, పిల్చి పెడ్తది. గీ పిలగానికి గీ ఊర్ల ఎవ్వలున్నరు?" అన్నది.

తీర్మానం చింపేశాను బిడ్డా. అరవై ఏళ్ళు వచ్చాక నాకు బుద్ధి చెప్పించిన రాత నీది, అందుకు నీకే నేను రుణపడ్డాను. ప్రతి ఆదివారం భోజనం ఇక్కడే. తిన్నానని చెప్పి తప్పించుకోవద్దు, ఆ మాట ఇక్కడ చెల్లదు.

ఇట్లు, శుభం కోరే
దుర్గయ్య

తా.క.: ఈ కవరు అంటించకముందే ఆమె నన్ను ఇంకో ఉత్తరానికి కూర్చోబెట్టింది. ఈసారి ధారావిలో ఒక కార్ఖానా యజమానికి. పాతాళ లోకంలో మనుషులున్నారా అని అడగాలట, తెలుగులోనే. ఎందుకని నేను అడగలేదు, రాస్తున్నాను.