అత్తమ్మ చుట్టిన చెరువు

ఆదివారం రాత్రి

కాళ్లు పీకుతున్నాయి, అయినా నవ్వు ఆగడం లేదు. ఛత్రినాక నుంచి మా గల్లీ ఆడవాళ్లమంతా బస్సులో వెళ్లి, ఊరవతల అడవిలో చెరువు చుట్టూ నడిచాం. చెరువు మాకు ఎడమవైపు ఉండేలా బయల్దేరగానే అత్తమ్మ ఆగిపోయింది.

"గుడి చుట్టు ఉల్టా తిరుగుతరా ఏంది? చెర్వు కుడిదిక్కుండాలె."

ఎంత పిలిచినా వినకుండా ఒక్కతే ఎదురుదారి పట్టింది. మోకాళ్ల నొప్పులని మిద్దె మెట్లు కూడా ఎక్కని మనిషి! ఎక్కడ పడిపోయిందోనని దారంతా నాకు భయమే.

అవతలి గట్టు మీద ఎదురైంది, కొంగునిండా సీతాఫలాలతో.

"గింత లేటేంది బిడ్డా?"

ఇన్నాళ్లూ ఆమె మోకాళ్లకు మందు మార్పించాలనే అనుకున్నాను. బండ్లతో నిండిన మా సందులో అసలు ఆమె నడిచే చోటెక్కడుంది?