నేను ఎత్తుకోని పాట

మంగళవారం రాత్రి, ఫిల్మ్ నగర్

కాకినాడలో పాస్టరుగారు ఈ సువార్త యాత్రకు బృందాన్ని నా చేతిలో పెట్టారు. అందరినీ సర్దడమే నాయకత్వం అనుకున్నాను.

సాయంత్రం బస్తీలో యాదమ్మగారింట్లో ప్రార్థన. ఆవిడ జూనియర్ ఆర్టిస్టు, అప్పుడే షూటింగు నుంచి వచ్చింది. మావాళ్లని గోడవారన, ఆవిడని మధ్యలో కూర్చోబెట్టాను, సంఘానికి పంపే ఫోటోలో ఆవిడ ముఖం బాగా పడాలని.

ఆవిడ నవ్వింది. "పొద్దంతా షూటింగుల గిదేనమ్మా. గిట్ల కూసో, గట్ల సూడు అంటరు. నువ్వు గూడ గదే అంటున్నవ్. జర కాళ్లు సాపుకోనియ్యి."

సిగ్గేసి ఫోన్ సంచిలో పడేశాను. మా బృందంలోని రూతు ఆవిడ పక్కకి జరిగి, "ఏమైనా తిన్నారా అక్కా?" అంది. ఆ మాట నాకెందుకు తోచలేదో! నన్నెందుకు నాయకురాలిని చేశారో...

కిటికీలోంచి చూస్తే చీకట్లో జూబ్లీ హిల్స్ గుట్ట కనబడలేదు, దాని మీది దీపాలే గాల్లో తేలుతున్నాయి. చూస్తూ చూస్తూ కళ్లు మూసుకున్నాను. రోజూ ప్రార్థనలో పాట ఎత్తుకునేది నేనే. ఇవాళ అది నేను లేకుండానే మొదలైంది, మగతలో విన్నట్టు, మెల్లగా. యాదమ్మగారి గొంతు కూడా కలిసింది.

ఎవరు ఎత్తుకున్నారో చూద్దామని కళ్లు తెరవబోయి, మానేశాను.